ఆధునిక జానపద కుటుంబ చిత్రాల ఆకర్షణ ఎక్కడ ఉంది?

ప్రశ్న: కోటగుమ్మం (హనుమకొండ)

ఈ వేసవి సెలవుల్లో మా కాలనీ పిల్లలకూ పెద్దలకూ కలిపి వారానికొక సినిమా చూపించాలని అనుకుంటున్నాము. జాబితా తయారుచేస్తుండగా తలెత్తిన సందేహమిది. డిస్నీ సంస్థ 2007లో విడుదల చేసిన ‘ఎన్‌చాంటెడ్’ చిత్రంలో, కార్టూన్ బొమ్మల లోకానికి చెందిన జిసెల్ అనే అమ్మాయి మాంత్రికురాలైన రాణి కుట్ర వల్ల న్యూయార్క్ నగరంలో వచ్చి పడుతుంది. తన అడవిలో పాడితే మృగాలూ పక్షులూ వచ్చినట్లే, ఇక్కడా కిటికీ దగ్గర నిలబడి పాడుతుంది. వచ్చేవి మాత్రం పావురాలు, ఎలుకలు, బొద్దింకలు. ఇల్లంతా అవే శుభ్రం చేస్తాయి. డిస్నీ తన పాత కథలను తానే ఆటపట్టించుకున్న సన్నివేశమిది. ఇంతగా వెక్కిరించిన తరువాత కథ మీద నమ్మకం సడలాలి, కాని సడలదు. చివర రాణి డ్రాగన్‌గా మారినప్పుడు నిజంగానే భయపడతాము. దీనికి కారణమేమిటి? మన జానపద చిత్రాల్లో ఈ పద్ధతి ఉందా?

జవాబు: మూడో వరుస

కారణం నటనలో ఉందని నా అభిప్రాయం. జిసెల్ పాత్ర ధరించిన ఎమీ ఆడమ్స్, ఇదంతా వేళాకోళమే సుమా అన్న సూచన ప్రేక్షకులకు ఒక్కసారి కూడా ఇవ్వదు. కిటికీ తెరలను కత్తిరించి గౌను కుట్టుకున్నప్పుడు ఆమె దృష్టిలో అది తప్పూ కాదు, హాస్యమూ కాదు; బట్టలు కావలసి వచ్చాయి, గుడ్డ కనిపించింది, అంతే. నవ్వు మనకు వస్తుంది, ఆమెకు రాదు. 1990లో వచ్చిన ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’లో శ్రీదేవి చేసిన పని కూడా ఇదే. ఇంద్రుని కుమార్తె మానవుల ఇంట్లో మసలవలసి వచ్చినప్పుడు ఆమె అమాయకత్వాన్ని దర్శకుడు రాఘవేంద్రరావు ఎంత హాస్యానికి వాడుకున్నా, ఆ ముఖంలో దేవకన్య తనమీద తనకున్న గౌరవం చెక్కుచెదరదు. పాత్రధారి తన పాత్రను చిన్నచూపు చూసిన క్షణాన ఇటువంటి సినిమా కూలిపోతుంది. గ్రాఫిక్సుకు కోట్లు ఖర్చుపెట్టి ఈ ఒక్క సంగతిని మరిచిపోయిన చిత్రాలు ఇటీవల చాలానే వచ్చాయి, పేర్లు చెప్పను.

జవాబు: కథల సంచి

మూడో వరుస గారి మాటను కాదనను గాని, నటనకు ముందు కథలో కట్టుబాటు ఉండాలి. ‘జగదేకవీరుడు’లో ఉంగరం పోగొట్టుకున్న ఇంద్రజ (శ్రీదేవి పాత్ర) స్వర్గానికి తిరిగి వెళ్లజాలదు. అది కథానాయకుడు రాజు (చిరంజీవి పాత్ర) చేతిలో ఉంది. ఈ ఒక్క నియమం మీదనే సినిమా మొత్తం నిలబడింది. ‘యమలీల’ (1994) చూడండి: యమలోకపు భవిష్యవాణి గ్రంథం భూమి మీద పడుతుంది, అది దొరికిన కుర్రవాడు దానితో సుఖపడుతూ ఉంటాడు, చివరకు తన తల్లి మరణం దగ్గరపడిందని అదే గ్రంథంలో చదువుతాడు. వరంగా కనిపించిన వస్తువే మెడకు చుట్టుకుంటుంది. మాయకు హద్దు లేనప్పుడు ఇక ఏది జరిగినా ఒకటే కాబట్టి పిల్లలు కూడా విసుగుతో ఇటూ అటూ కదలడం మొదలుపెడతారు. వారికి నియమాలు మనకన్నా బాగా గుర్తుంటాయి. ‘ఎన్‌చాంటెడ్’లోనూ విషపు ఆపిల్ తిన్న జిసెల్ అర్ధరాత్రి గంట కొట్టేలోగా నిజమైన ప్రేమతో కూడిన ముద్దు పొందాలి. ఈ పాత నియమాన్ని వెక్కిరించకుండా ఉంచుకున్నారు, కనుకనే తక్కినవన్నీ వెక్కిరించగలిగారు.

జవాబు: జనగామ శ్రోత

మీరిద్దరూ దీనిని సినిమా కనిపెట్టిన పద్ధతిగా మాట్లాడుతున్నారు. ఐలోని (ఐనవోలు) మల్లన్న జాతరకు వెళ్లి ఒగ్గు కథ విన్నవారెవరికీ ఇందులో వింత కనిపించదు. డోలు వాయిద్యం మధ్య మల్లన్న పెళ్లి కథ సాగుతుండగా ప్రధాన కథకుడు దేవుని గురించి చెబుతాడు, పక్కనున్నవాడు ఆ కథను ఈనాటి ఊరి కష్టంలోకి, కూలి డబ్బుల్లోకి, అల్లుళ్ల అలకల్లోకి లాగి జనాన్ని నవ్విస్తాడు. మళ్లీ డోలు మోగగానే ఆ నవ్విన ముఖాలే చేతులు జోడిస్తాయి. పరిహాసం భక్తిని చెరపదు, శ్రోతను కథకు మరింత దగ్గరికి జరుపుతుంది. బొద్దింకల సన్నివేశం చేసిన పని కూడా అదే: న్యూయార్క్‌లో అద్దె ఇంట్లో బతికేవాడిని, ఇది నీ ఊరి కథే అని నమ్మించింది. మన ప్రాంతంలో ఇంత పెద్ద సంప్రదాయం ఉండి కూడా, రామప్ప గుడి మదనిక శిల్పాలనో, పాకాల చెరువునో ఆధారం చేసుకొని పిల్లలకు ఈ తరహా సినిమా ఎవరూ తీయకపోవడం నాకు బాధగానే ఉంది.

జవాబు: కాజీపేట ప్రేక్షకురాలు

అందరూ హాస్యం గురించి రాశారు, కుటుంబం గురించి ఎవరూ రాయలేదు. ‘ఎన్‌చాంటెడ్’లో జిసెల్‌కు ఆశ్రయమిచ్చే రాబర్ట్ విడాకుల కేసులు వాదించే న్యాయవాది, తల్లి దగ్గరలేని ఆరేళ్ల కూతురిని ఒంటరిగా పెంచుతున్నవాడు. కూతురికి అద్భుత కథల పుస్తకం కాక లోకంలో పేరు గడించిన స్త్రీల గురించిన పుస్తకం ఇస్తాడు. జిసెల్‌ను మొదట చూసేదీ, ముందుగా నమ్మేదీ ఆ పాపే. ‘జగదేకవీరుడు’లో చిరంజీవి పాత్ర చుట్టూ కూడా అనాథ పిల్లలే ఉన్నారు. కాలు దెబ్బతిన్న పాప కోసమే అతడు హిమాలయాలకు వెళ్లి, అక్కడ ఆ ఉంగరాన్ని చూస్తాడు. రెండింటిలోనూ మాయాలోకపు స్త్రీ రావడానికి ముందే ఆ ఇంట్లో ఒక లోటు ఉంది, దానిని ముందుగా గుర్తించినవారు పిల్లలు. పెద్దలు ఆ వెలితి కోసం కూర్చుంటారు, పిల్లలు ఎలుకల కోసం కూర్చుంటారు. ఒక అభ్యంతరం మాత్రం చెప్పాలి: రాబర్ట్ పెళ్లాడదలచిన నాన్సీని చివర్లో, జిసెల్‌ను పెళ్లాడవలసిన రాకుమారునితో బొమ్మల లోకానికి పంపివేయడం నాకు తొందరపాటుగా తోచింది. అయితే కత్తి పట్టి ప్రియుడిని కాపాడేది జిసెల్ కావడం వల్ల ఆ లోపం చాలావరకు మరుగునపడింది.

ప్రశ్న అడిగినవారు: కోటగుమ్మం

అందరికీ కృతజ్ఞతలు. మొదటి వారం ‘జగదేకవీరుడు’, రెండో వారం ‘ఎన్‌చాంటెడ్’ అని నిర్ణయించాము. అమ్రీష్ పురి ధరించిన మాంత్రికుని సన్నివేశాలకు ఐదారేళ్ల పిల్లలు జడుసుకుంటారేమోనని కొందరు తల్లులు అడుగుతున్నారు. వాటిని దాటవేయవచ్చునా?

జవాబు: కథల సంచి

దాటవేయకండి. మాంత్రికుడు లేకపోతే ఆ ఉంగరం ఎందుకంత విలువైనదో పిల్లలకు తెలియదు. చిన్నవారిని అమ్మమ్మల ఒడిలో కూర్చోబెట్టి, దీపాలు పూర్తిగా ఆర్పకుండా చూపించండి.