మా క్యూ సాఫ్ట్‌వేర్ మీద ఉన్న అమెరికా పేటెంట్‌ను వసూళ్ల కంపెనీకి అమ్మడం న్యాయమేనా?

స్వర్ణముఖి_డెవ్:

తిరుపతిలో మాది చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ. చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకు టోకెన్ల సాఫ్ట్‌వేర్ చేస్తాం. సీజన్‌లో తోతాపురి కాయల ట్రాక్టర్లు గేటు బయట బారులు తీరకుండా, ఫ్యాక్టరీ గంటకు ఎన్ని టన్నులు ఆడగలదో చూసుకుని రైతు ఫోన్‌కు టైమ్ స్లాట్ పంపుతుంది. వేబ్రిడ్జి మీద పడే అసలు బరువులను బట్టి, లైన్ ఆగిపోతే దాన్ని బట్టి, వెనకున్న స్లాట్లన్నీ తిరిగి సర్దుతుంది.

దీని మీద ఇండియాలో వేసిన దరఖాస్తు సెక్షన్ 3(కె) కింద, అంటే ఉట్టి కంప్యూటర్ ప్రోగ్రాముకు పేటెంట్ లేదనే నిబంధన కింద పోయింది. అమెరికాలో మాత్రం పేటెంట్ వచ్చింది. అక్కడ మాకు ఒక్క కస్టమర్ కూడా లేరు.

ఇప్పుడు అక్కడి లైసెన్సింగ్ కంపెనీ ఒకటి కొంటామంటోంది. కొంత ముందుగా ఇస్తారు, తర్వాత వసూలైన దాంట్లో ఖర్చులు పోను 30 శాతం. వాళ్లు సొంతంగా ఏ సాఫ్ట్‌వేరూ చేయరు. పేటెంట్లు కొని, నోటీసులిచ్చి, డబ్బు రాబట్టడమే వాళ్ల వ్యాపారం. మా భాగస్వాముల్లో ఒకరు మన కష్టానికి ఫలితం, తప్పేముంది అంటున్నారు. ఇంకొకరు మన పని చూపించి ఎవరినో బెదిరిస్తారు అంటున్నారు. చట్టం ఒప్పుకుంటుందని తెలుసు. న్యాయమేనా? అమ్మితే ఏ షరతులు రాయించుకోవాలి?

పేటెంట్_ఏజెంట్_చిత్తూరు:

న్యాయం సంగతి తేలాలంటే ముందు క్లెయిమ్ 1 చదవాలి. పేటెంట్‌లో ఏది మాది అని హక్కు కోరే అంశాలే క్లెయిమ్‌లు. మీరు చేసిన సాఫ్ట్‌వేర్ వేరు, మీ పేటెంట్ అడ్డుకోగలిగిన పరిధి వేరు. వివరణలో మామిడి, వేబ్రిడ్జి అన్నీ ఉండొచ్చు. క్లెయిమ్‌లో "వాహనం రాక సమాచారం తీసుకోవడం, సామర్థ్యాన్ని బట్టి సమయం లెక్కకట్టడం, మొబైల్‌కు పంపడం" అని మాత్రమే ఉంటే అది గోదాముల లోడింగ్ బుకింగ్ మీదికి, ధాన్యం కొనే రైతు సహకార సంఘాల మీదికి, పాత ఇనుము యార్డుల మీదికి కూడా పోతుంది. కొనేవాళ్లు డబ్బు పెట్టేది ఆ వెడల్పుకే.

రెండోది, ఇంత వెడల్పు క్లెయిమ్ కోర్టులో నిలవడం కష్టం. 2014లో ఆలిస్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఒక అమూర్త ఆలోచనను మామూలు కంప్యూటర్ మీద నడిపినంత మాత్రాన పేటెంట్ రాదని ఏకగ్రీవంగా చెప్పింది. స్లాట్లు కేటాయించడం సరిగ్గా ఆ కోవలోకే వస్తుంది. వేబ్రిడ్జి రీడింగ్‌తో షెడ్యూల్ తనంతట తాను సర్దుకోవడం క్లెయిమ్‌లో ఉంటే కాస్త గట్టిది.

మూడోది మీకు ప్రత్యేకం. తిరుమలలో సుదర్శనం టోకెన్లు, టైమ్ స్లాట్ సర్వదర్శనం టోకెన్లు తిరుపతిలో ఎవరికి తెలియవు? అమెరికా దరఖాస్తు నడుస్తున్నంత కాలం, మీకు తెలిసిన పాత పద్ధతుల్లో ముఖ్యమైనవి అక్కడి పేటెంట్ ఆఫీసుకు చెప్పాల్సిన బాధ్యత మీదే. చెప్పి ఉండాల్సింది అన్నంత మాత్రాన పేటెంట్ పోదు. అది తెలిస్తే పేటెంట్ ఇచ్చేవారు కాదని, మోసగించే ఉద్దేశంతోనే దాచారని రెండూ రుజువు కావాలి. 2011లో థెరాసెన్స్ తీర్పు ఆ ప్రమాణం పెట్టింది. కానీ రుజువైతే ఒక్క క్లెయిమ్ కాదు, పేటెంట్ మొత్తం అమలుకు పనికిరాదు. మీ ఫైల్లో ఆ ప్రస్తావన ఉందా?

అలిపిరి_ఓపెన్‌సోర్స్:

అమ్మొద్దు. వీళ్ల లాభం ఎక్కడి నుంచి వస్తుందో చూస్తే కారణం తెలుస్తుంది.

అమెరికాలో పేటెంట్ దావాను చివరిదాకా ఎదుర్కోవాలంటే లక్షల డాలర్లు అవుతుంది. పేటెంట్ చెల్లదని అక్కడి పేటెంట్ ఆఫీసులోనే సవాలు చేసే ఇంటర్ పార్టీస్ రివ్యూకు ఫీజే 40 వేల డాలర్ల పైన, లాయర్ ఖర్చు వేరే. దావా సమన్లు అందిన ఏడాదిలోపే వేయాలి. పైగా అందులో పాత పేటెంట్లు, అచ్చయిన పాత సమాచారం మాత్రమే చూపించాలి. ఆలిస్ వాదన అక్కడ చెల్లదు, దానికి కోర్టుకే పోవాలి. ఇవన్నీ తెలిసినవాడు ఈ ఖర్చు కన్నా కొంచెం తక్కువకు రాజీ అడుగుతాడు. నోటీసు అందుకున్నవాడు తప్పు చేశాడా లేదా అన్న ప్రశ్నే రాదు. చెల్లని పేటెంట్‌కు కూడా అదే రేటు పలుకుతుంది. నాకు ఇందులో అన్యాయం అనిపించేది ఇదే.

ఎదురు దావా వేద్దామంటే వాళ్లు ఏమీ తయారు చేయరు. ఒక్కో పేటెంట్‌కు పేరుకు మాత్రమే ఉండే ఒక్కో షెల్ కంపెనీ పెడతారు. 2014 ఆక్టేన్ ఫిట్‌నెస్ తీర్పు తర్వాత, దారుణమైన కేసుల్లో గెలిచినవాళ్లకు లాయర్ ఫీజులు ఇప్పించడం సులువైంది నిజమే. ఖాతాలో ఏమీ లేని షెల్ కంపెనీ నుంచి అవి రాబట్టడమే అసలు సమస్య.

ఎంపీహెచ్‌జే అనే సంస్థ, స్కాన్ చేసి ఈమెయిల్ పంపడం తన పేటెంట్ కిందికి వస్తుందని 16 వేలకు పైగా చిన్న వ్యాపారాలకు లేఖలు రాసింది. స్కానర్ తయారీదారుకు కాదు, కొని వాడుకుంటున్న ఆఫీసులకు. ఒక్కో ఉద్యోగికి సుమారు 1,000 డాలర్లు అడిగింది. ఇప్పటికే చాలామంది కట్టేశారని, కట్టకపోతే వెంటనే దావా అని రాసినవి మోసపూరితమని అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు పెట్టి, 2014లో అలాంటి రాతలు మాన్పించింది. 2011లో లాడ్సిస్ అనే ఇలాంటి సంస్థే ఐఫోన్ యాప్‌లు చేసే చిన్న డెవలపర్లను అమెరికా ఆదాయంలో 0.575 శాతం అడిగింది. ఆ పేటెంట్లు కనిపెట్టిన మనిషి ఎవరికో అమ్మినవి, చేతులు మారి అక్కడ తేలాయి. మీరు సంతకం పెట్టబోయేది అచ్చం ఇలాంటి కాగితం మీదే.

మన దేశం ఈ దారి ఆలోచించే మూసింది. 2004 చివర్లో వచ్చిన ఆర్డినెన్స్ సాఫ్ట్‌వేర్‌కు కాస్త తలుపు తీసింది, 2005లో పార్లమెంటు ఆ మార్పును ఒప్పుకోలేదు. మీ సాఫ్ట్‌వేర్ లాంటిది రేపు పలమనేరులో ఇంకొకరు చేసుకోవచ్చు, ఎవరికీ కప్పం కట్టక్కర్లేదు. మనకు ఉన్న ఆ వెసులుబాటును అక్కడి చిన్నవాళ్ల మీద ఆయుధంగా అమ్ముకోవడం నాకు సమ్మతం కాదు.

చంద్రగిరి_నుంచి:

ఒక పక్కే చూస్తున్నారు. పేటెంట్ ఉన్న చిన్నవాడి గోడు కూడా వినాలి. స్టాక్ అనే చిన్న కంపెనీ డేటా కంప్రెషన్ పేటెంట్ల మీద మైక్రోసాఫ్ట్‌తో పోరాడితే 1994లో జ్యూరీ 120 మిలియన్ డాలర్లు ఇచ్చింది. టొరంటోకు చెందిన ఐ4ఐ కూడా మైక్రోసాఫ్ట్ మీదే గెలిచింది, 2011లో అమెరికా సుప్రీంకోర్టు దాకా పోయి నిలబడింది. వాళ్లకు పోరాడే స్తోమత ఉంది. తిరుపతిలో కూర్చున్న పదిమంది కంపెనీకి అక్కడ లాయర్‌ను పెట్టుకునే స్తోమత ఎక్కడిది? ఆ ఖర్చు, ఓడిపోయే ప్రమాదం నెత్తిన వేసుకునేవాడు ఒకడుంటే తప్ప, పెద్ద కంపెనీ మీ పని ఎత్తుకుపోయినా అడిగే దిక్కు లేదు. ఇంకొకరికి హక్కు అమ్మి వసూలు చేయించుకోవడం దానంతట అది పాపం కాదు. తయారు చేయనివాడికి కూడా హక్కు ఉంటుంది. కాకపోతే 2006 ఈబే తీర్పు తర్వాత కోర్టులు వ్యాపారం మూసేయమని వెంటనే ఆదేశించడం లేదు, చాలాసార్లు పరిహారంతో సరిపెడుతున్నాయి. అది మంచిదే.

నేను చూసేది రెండే. ఎదుటివాడు నిజంగా మీ పద్ధతినే వాడుతున్నాడా? కోర్టు ఖర్చు అనేదే లేకపోయినా మీ దావా నిలబడుతుందా? రెండింటికీ అవును అయితే నిర్భయంగా వసూలు చేయండి.

అలిపిరి_ఓపెన్‌సోర్స్:

ఆ రెండు ప్రశ్నలూ నాకు సమ్మతమే. కానీ అమ్మిన మరునాటి నుంచి వాటిని అడిగే అధికారం అమ్మినవాడికి ఉండదు కదా. నా అభ్యంతరం అక్కడే.

ఒప్పందాల_పని:

అందుకే ఆ అధికారం కాగితం మీద ఉంచుకోవాలి. అమ్మకపు పత్రంలో ఇవి లేకపోతే సంతకం పెట్టకండి.

వాడకందారుల మీద నోటీసు, దావా ఉండకూడదు. సాఫ్ట్‌వేర్ తయారు చేసి అమ్మేవాళ్ల మీదే. ఏడాది టర్నోవర్ ఫలానా మొత్తం లోపు ఉన్నవాళ్లను ముట్టుకోకూడదు, ఆ అంకె పత్రంలో రాయాలి. ఓపెన్ సోర్స్ లైసెన్సు కింద విడుదలైన ప్రోగ్రాములకు పూర్తి మినహాయింపు. 2019లో ఒక పేటెంట్ సంస్థ, ఓపెన్ సోర్స్ ప్రోగ్రాములు చేసే నోమ్ ఫౌండేషన్ మీద ఫోటోల ప్రోగ్రామ్ విషయంలో దావా వేసి, 2020లో రాజీకి వచ్చినప్పుడు ఓపెన్ సోర్స్ ప్రోగ్రాముల మీద ఇక వేయమని రాసిచ్చింది. అంటే అడిగితే ఇవ్వలేనిదేమీ కాదు.

ఏ నోటీసైనా పోయే ముందు, క్లెయిమ్‌లోని ప్రతి అంశం ఎదుటివాడి సాఫ్ట్‌వేర్‌లో ఎక్కడుందో చూపే పట్టిక తయారై, దాని కాపీ మీకు రావాలి. "మీరు ఉల్లంఘిస్తున్నట్టుంది, మాట్లాడుకుందాం" అనే ఊకదంపుడు లేఖలు నిషేధం.

మీకు, మీ కస్టమర్లకు, రేపు మీ కంపెనీని కొనేవాళ్లకు ఎప్పటికీ ఉచిత లైసెన్సు తిరిగి రావాలి. ఇది మరిచిపోయి తర్వాత సొంత సాఫ్ట్‌వేర్‌నే అమెరికాలో అమ్మలేని స్థితి తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు.

ఈ షరతులన్నీ తర్వాత కొనేవాళ్లకు కూడా వర్తించాలి. ఉల్లంఘిస్తే పేటెంట్ మీకు తిరిగి రావాలి. అమ్మకాన్ని అక్కడి పేటెంట్ ఆఫీసులో నమోదు చేసేటప్పుడు షరతులున్న పత్రాన్ని కూడా నమోదు చేయించండి. చేయకపోతే షరతుల సంగతి తెలియకుండా కొన్నవాడు మాకేం సంబంధం అంటాడు.

"ఖర్చులు పోను 30 శాతం" అన్న చోట ఆగండి. ఖర్చుల్లో వాళ్ల సొంత లాయర్ల జీతాలు, ఇతర పేటెంట్ల కేసుల ఖర్చు కూడా కలిపేస్తే మీకు సున్నా మిగులుతుంది. మొత్తం వసూళ్ల మీద తక్కువ శాతం అడగడం మేలు, లెక్కలు తనిఖీ చేసే హక్కుతో. సహకారం పేరిట రాసే క్లాజు కూడా చదవండి. కనిపెట్టినవాళ్లుగా మీరు వాంగ్మూలం ఇవ్వాల్సి వస్తుంది, తిరుమల టోకెన్ల సంగతి అక్కడ ప్రమాణం చేసి చెప్పాలి.

ఇంకో దారి, లాట్ నెట్‌వర్క్. అందులో సభ్యుల పేటెంట్ ఎప్పుడైనా ఇలాంటి వసూళ్ల కంపెనీ చేతికి పోతే, మిగతా సభ్యులందరికీ ఆ క్షణంలోనే లైసెన్సు వచ్చేస్తుంది. పెద్ద కంపెనీలు చాలా అందులో ఉన్నాయి. చేరితే కొనేవాళ్ల ఆసక్తి చాలావరకు చల్లారుతుంది, మీ సొంత వాడకానికి, నేరుగా లైసెన్సు ఇవ్వడానికి అడ్డు రాదు.

స్వర్ణముఖి_డెవ్:

అందరికీ ధన్యవాదాలు. ఫైలు తీసి చూశాం. క్లెయిమ్ 1 ఏజెంట్ సార్ చెప్పినట్టే ఉంది: వాహనం సమాచారం, సామర్థ్యం లెక్క, మొబైల్‌కు స్లాట్. వేబ్రిడ్జితో సర్దుకోవడం దాని మీద ఆధారపడిన క్లెయిమ్ 4లో ఉంది. తిరుమల టోకెన్ల ప్రస్తావన ఎక్కడా లేదు. అప్పట్లో అది వేరే విషయం అనుకున్నారట, దాచాలని కాదు. కొనేవాళ్ల ఈమెయిళ్లలో మాత్రం అన్నిచోట్లా క్లెయిమ్ 1 గురించే ఉంది.

పేటెంట్_ఏజెంట్_చిత్తూరు:

అయితే అమ్మకం మాట పక్కన పెట్టి ముందు ఫైలు శుభ్రం చేయండి. క్లెయిమ్ 1 నిలవదని మీకే అనుమానం ఉంది. దాన్ని చూపించి సహకార సంఘాల దగ్గర వసూలు చేస్తే, అలిపిరి గారు చెప్పిన వ్యాపారం అదే. క్లెయిమ్ 4 మీ అసలు పని. ఎవరైనా అది ఎత్తుకుని అమ్ముకుంటే అడగడానికి మీకు పూర్తి న్యాయం ఉంది, అక్కడ నేను చంద్రగిరి గారి పక్షం.

చేయాల్సింది ఇది. క్లెయిమ్ 1ని, దానితో పాటు అంతే వెడల్పున్న మిగతా స్వతంత్ర క్లెయిమ్‌లను వదులుకుంటున్నట్టు అమెరికా పేటెంట్ ఆఫీసులో డిస్‌క్లెయిమర్ వేయొచ్చు. స్వల్ప ఫీజుతో అయ్యే పని. క్లెయిమ్ 1 పోయినా దాని మీద ఆధారపడిన క్లెయిమ్ 4 తన షరతులన్నిటితో అలాగే నిలుస్తుంది. ఒకసారి వేస్తే వెనక్కి తీసుకోలేరు. కాబట్టి పేటెంట్ మీద హక్కున్న అందరూ ఒప్పుకున్నాకే వేయండి. మీ ఉద్యోగులు కనిపెట్టినదైతే, వాళ్ల నుంచి కంపెనీకి బదిలీ పత్రాలు సరిగ్గా నమోదయ్యాయో లేదో కూడా చూడండి. చాలా చిన్న కంపెనీల్లో అక్కడే లోటు ఉంటుంది.

తిరుమల టోకెన్ల విషయానికి సప్లిమెంటల్ ఎగ్జామినేషన్ ఉంది. యజమానే పాత సమాచారం ఇచ్చి మళ్లీ పరిశీలించమని అడగడం. ఎదుటివాళ్లు కోర్టులో ఆ ఆరోపణ ఎత్తకముందే అడగాలి, దావా వేయకముందే అది పూర్తి కావాలి, లేకపోతే రక్షణ రాదు. ఫీజు వేల డాలర్లలో ఉంటుంది. ఎప్పటికీ అమలు చేసే ఉద్దేశం లేకపోతే ఆ ఖర్చు దండగ. టీటీడీ ప్రకటనలు, పాత పత్రికా వార్తల కత్తిరింపులు తేదీలతో సహా ఇప్పుడే సేకరించి పెట్టుకోండి.

తర్వాత కొనేవాళ్లకు రాయండి: క్లెయిమ్ 1 లేదు, ఒప్పందాల_పని గారి షరతులు ఇవి, ఇంకా కొంటారా అని. వాళ్లు వద్దంటే, మీరే క్లెయిమ్ 4ను వేబ్రిడ్జి సాఫ్ట్‌వేర్ చేసే అమెరికా కంపెనీలకు నేరుగా లైసెన్సు ఇవ్వొచ్చు. కొనే కంపెనీకైనా, లైసెన్సు తీసుకునే కంపెనీకైనా చిన్న సంస్థ హోదా లేకపోతే, మీరు ఇప్పుడు కడుతున్న తగ్గింపు ఫీజు ఇక వర్తించదు. పూర్తి ఫీజు కట్టాలి. పేటెంట్ నిలబెట్టుకోవడానికి, అది వచ్చిన రోజు నుంచి 3.5, 7.5, 11.5 ఏళ్లకు కట్టాల్సిన ఫీజులు మీకు ఎప్పుడు పడతాయో తేదీలు చూసుకోండి. ఆ తేదీ దాటితే అపరాధ రుసుముతో 6 నెలలే గడువు.