చెల్లికి జేఆర్‌ఎఫ్ వచ్చింది: ఈగల మీద పీహెచ్‌డీయా, డీఎస్సీయా?

వంశధార_గట్టు:
మాది ఆమదాలవలస దగ్గర పల్లె. చెల్లి ఎమ్మెస్సీ జువాలజీ చేసి జేఆర్‌ఎఫ్ (పీహెచ్‌డీ చేసేవాళ్లకి నెలనెలా డబ్బిచ్చే ఫెలోషిప్) కొట్టింది. పిండం ఎలా పెరుగుతుందో పండ్ల ఈగల్లో చూసే ల్యాబ్‌లో పీహెచ్‌డీ చేస్తానంటోంది. నాన్న బీఈడీ చేసి డీఎస్సీ రాయమంటున్నారు. ఏది మేలు?

పాలకొండ_మాస్టారు:
బాబూ, డీఎస్సీ వస్తే సొంత జిల్లాలో ఉద్యోగం. పీహెచ్‌డీ అంటే ఐదారేళ్లు. పెళ్లెప్పుడు? ఉద్దానంలో కిడ్నీలు పాడై మనుషులు పోతుంటే, పనసతొనల మీద ముసిరే ఈగల్ని చూస్తే ఏటి లాభం?

నాగావళి_అక్క:
మాస్టారూ, ఆ ఈగలోనే నెఫ్రోసైట్లని కణాలున్నాయి. మన కిడ్నీలో వడపోత కణాల్లాగే పనిచేస్తాయి. కిడ్నీ జబ్బుల్ని వాటిలోనూ పరిశీలిస్తున్నారు.

ఇక ఈగ పిండాల సంగతి. జర్మనీలో క్రిస్టియానె న్యూస్లైన్-ఫోల్హార్డ్, ఎరిక్ వీషౌస్ అనే శాస్త్రవేత్తలు ఒకే మైక్రోస్కోపుకి ఎదురెదురుగా కూచుని, ఇద్దరూ ఒకేసారి ఒకే ఈగ పిండాన్ని చూసేవారు. అర మిల్లీమీటరు పిండం! ఒంటి భాగాలు వరసగా ఏర్పడడానికి కావాల్సిన 15 జన్యువుల గురించి 1980లో ప్రకటించారు. వాటిలో హెడ్జ్‌హాగ్ అనే జన్యువు చెడితే ఈగ లార్వాకి పొట్టంతా ముళ్లే. దాని చుట్టాలు మనలోనూ ఉన్నాయి. కణాలకి అవి సంకేతాలు పంపే దారి అదుపు తప్పితే ఒక రకం చర్మ క్యాన్సర్ వస్తుంది. ఆ దారిని అడ్డుకునే మందుకి 2012లో అమెరికాలో అనుమతి వచ్చింది. వీళ్లిద్దరికీ, ఈగల జన్యువుల మీదే పనిచేసిన ఎడ్వర్డ్ లూయిస్‌కీ 1995లో నోబెల్ ఇచ్చారు.

ఇక పెళ్లి. నాకు పీహెచ్‌డీ మధ్యలో బాబు పుట్టాడు. పాలు పిండుకోడానికి గది లేక మెట్ల కింద, పాత అట్టపెట్టెల వెనక కూచునేదాన్ని. మానేద్దామనుకున్నాను. మా అత్త వచ్చి ఏడాది ఉంది గనక పూర్తి చేశాను. క్రిస్టియానె 2004లో ఒక ఫౌండేషన్ పెట్టింది. పిల్లలున్న యువ మహిళా శాస్త్రవేత్తలకి ఇంటిపనికీ, పిల్లల్ని చూసే మనిషికీ డబ్బిస్తుంది. అలాంటిది మనకెందుకు లేదని ఇప్పటికీ కడుపు రగులుతుంది.

పాలకొండ_మాస్టారు:
కిడ్నీ కణాల సంగతి నాకు తెలీదమ్మా, ఒప్పుకుంటాను. కానీ మీ అత్తలాంటి మనిషి అందరికీ దొరకదు కదా. జేఆర్‌ఎఫ్ కింద నెలకి 37 వేలు ఇప్పుడు బాగానే ఉంటాయి. తర్వాత పోస్టు ఎవరిస్తారు?

నాగావళి_అక్క:
పోస్టుకి నేనూ పూచీ ఇవ్వలేను మాస్టారూ. తమ్ముడూ, యూజీసీ నియమాల్లో పీహెచ్‌డీ చేసే ఆడవాళ్లకి కాన్పుకీ పిల్లల పెంపకానికీ 240 రోజుల దాకా సెలవు, గడువు మీద రెండేళ్లు అదనంగా ఉన్నాయి. ఆ ల్యాబ్‌లో నిజంగా ఇస్తున్నారా అని అక్కడి అమ్మాయిల్ని అడగమను. గైడ్ లేనప్పుడు అడగాలి.

వంశధార_గట్టు:
చెల్లి పక్కనే కూచుని చదివింది అక్కా. ఆ ల్యాబ్ అమ్మాయిల ఫోన్ నంబర్లు వెతుకుతోంది. పొలం నుంచి వచ్చాక నాన్నకి ఆ ముళ్ల లార్వా ఫొటో తనే చూపిస్తుందట.