పాత అవుట్‌బోర్డ్ మోటారు వేగం పెంచగానే ఆగిపోతోంది

ప్రశ్న: కాకినాడ తీరంలో మా ఫైబర్ పడవకున్న పాత టూ స్ట్రోక్ మోటారు తక్కువ వేగంలో చక్కగా నడుస్తున్నా, పూర్తి వేగం అందుకున్న రెండు నిమిషాలకే ఆగిపోతోంది. పెట్రోలు గొట్టం మధ్యనున్న రబ్బరు బుడ్డిని నొక్కితే మళ్లీ అందుకుంటోంది. కార్బురేటర్ ఇప్పటికే శుభ్రం చేయించాను. లోపం ఎక్కడ ఉండవచ్చు?

జవాబు: ముందుగా ట్యాంకు మూతపై గాలి మర తెరిచి ఉందో లేదో చూడండి, బిగిసి ఉంటే బుడ్డి లోపలికి పీక్కుపోయి కనిపిస్తుంది.

మరో జవాబు: బుడ్డి నొక్కితే కోలుకుంటోందంటే నా అనుమానం ఫ్యూయల్ పంపు డయాఫ్రమ్ మీదే. క్రాంక్‌కేసు (ఇంజను లోపల క్రాంకు తిరిగే గది) ఒత్తిడి హెచ్చుతగ్గులకు ఆడే ఆ పలుచని పొర గట్టిపడినా, చిరిగినా, ఎక్కువ వేగానికి సరిపడా పెట్రోలు అందదు. ఇథనాల్ కలిసిన పెట్రోలు పాత రబ్బరును పాడుచేస్తుంది కనుక గొట్టాన్ని కూడా పరీక్షించండి.

అడిగినవారు: మర తెరిచే ఉందండి. పంపు విప్పితే పొర అంచున వెంట్రుకంత చీలిక కనిపించింది.