‘ఆఫల్’కి తెలుగేమిటి? బర్న్స్ పద్యంలో పొట్ట, బోటీ, పేగు

నిన్న మన గుంపులో ఒక చెల్లెలు అడిగింది. బ్రిటిష్ వంటల వ్యాసం అనువదిస్తూ ‘ఆఫల్’ దగ్గర ఆగిపోయిందట. కోసిన జంతువు గుండె, కార్జం, పేగుల్లాంటి వాటన్నిటికీ కలిపి ఇంగ్లీషులో వాడే మాట అది. జవాబుల్లో ‘వ్యర్థ మాంసం’, ‘అంతరావయవాలు’ అని వచ్చాయి. మొదటిది మాత్రం వద్దమ్మా. ఆదివారం తెల్లవారకముందే బోటీ కోసం కొట్టు ముందు నిలబడేవాళ్ళున్న భాషలో దాన్ని వ్యర్థం అనడానికి నాకు నోరు రాదు. రెండోది డాక్టరు మాట, కంచంలోకి రాదు.

ఇంగ్లీషులో ఆ మాట పుట్టుక ‘పక్కకు రాలి పడింది’ అని. మాంసం కోసే బల్ల మీంచి రాలినదన్నమాట. కానీ అక్కడ ఇష్టంగా తినేవాళ్ళు ఇలా గంపగుత్త పేరుతో అడగరు, దేని పేరు దానికే చెబుతారు. ఇంగ్లండ్‌లోని బరీ అనే ఊరి సంతలో బ్లాక్ పుడ్డింగ్ అడుగుతారు, అంటే పంది నెత్తురూ కొవ్వూ ధాన్యమూ కలిపి పేగులో కూరి ఉడికించింది. తెలంగాణలో ‘నల్ల’ అనే నెత్తురు కూర తినేవాళ్ళకి దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. అక్కడి లాంకషైర్ ప్రాంతపు పాతకాలపువాళ్ళు ట్రైప్‌ని, అంటే పశువు పొట్ట గోడని, పాలల్లో ఉల్లిపాయలతో ఉడికిస్తారు, లేదంటే చల్లగానే వెనిగర్ చల్లుకుని తినేస్తారు. ఇంగ్లండ్ నడిమి ప్రాంతమైన బ్లాక్ కంట్రీలో పంది కార్జం కైమా ఉండల్ని కొవ్వుపొరలో చుట్టి కాల్చి, బఠాణీ ముద్దతో పెడతారు.

పేరు పెట్టి పిలవడంలోని ప్రేమ ఎలా ఉంటుందో చూడాలంటే స్కాట్లాండ్ కవి రాబర్ట్ బర్న్స్ 1786లో హాగిస్ మీద రాసిన పద్యం చదవాలి. హాగిస్ అంటే గొర్రె లోపలి భాగాలు కూరి వండే స్కాట్లాండ్ వంటకం. మొదటి చరణంలోనే హాగిస్‌ని పుడ్డింగుల (ఇక్కడ తీపివి కాదు, పేగులో, పొట్టలో కూరి వండేవి) కులానికి పెద్దను చేసి, ‘పెంచ్, ట్రైప్, థెర్మ్’ అన్నిటికన్నా పైన కూర్చోబెడతాడు. వీటిలో పెంచ్, థెర్మ్ స్కాట్స్ పల్లె మాటలు, ట్రైప్ ఇంగ్లీషులోనూ ఉన్న మాటే. పెంచ్ అంటే పొట్ట. ట్రైప్ జీర్ణాశయపు గోడ. థెర్మ్ పేగు, ఫిడేలుకి కట్టే నరం తీగనీ ఆ మాటతోనే పిలుస్తారు. నా ప్రయత్నం ఇది:

‘పొట్టా బోటీ పేగుల కన్నా
పైపీట నీదే, పెద్దరాయుడా!’

ఇక్కడ బోటీ గురించి ఒక ముక్క. కావ్యాల్లో ‘బోటి’ అంటే స్త్రీ. మన కూరలోని బోటీ ఉర్దూ నుంచి వచ్చింది. అక్కడ దానర్థం మాంసం ముక్క, మన దగ్గర పొట్టా పేగులకి స్థిరపడింది. రెండింటికీ చుట్టరికం లేదు.

హాగిస్‌లో పడేది గొర్రె ‘ప్లక్’. గుండె, కార్జం, ఊపిరితిత్తులు ఒక్క గుంజుతో కలిసి ఊడొస్తాయి కాబట్టి ఆ పేరు. తర్వాత అదే మాటకి ధైర్యం అనే అర్థమూ వచ్చింది. ‘వాడికి గుండె ఉందిరా’ అనే మనకి ఇది కొత్తగా అనిపించదు. ఈ ప్లక్‌ని ఉడికించి, సన్నగా తరిగి, ఓట్స్ ధాన్యం, కొవ్వు, ఉల్లి, మిరియాలు కలిపి గొర్రె పొట్టలో కూరడం పాత పద్ధతి.

ఎడిన్‌బరాలో ఒక జనవరి 25న, బర్న్స్ పుట్టినరోజు విందులో తిన్నాను. బ్యాగ్‌పైప్ వాయిస్తూ పళ్ళెం మోసుకొచ్చారు. ఇంటిపెద్ద పద్యం చదువుతూ, కోత ప్రస్తావన రాగానే కత్తి దించాడు. తొడుగు చిట్లి ఆవిరి లేచింది, మిరియం ఘాటు ముందు వరసదాకా వచ్చింది. లోపల గోధుమరంగులో, రవ్వలా పొడిపొడిగా ఉంది. పక్కన దుంపల ముద్దలు రెండు. మొదటి ముద్దలోనే మా అమ్మమ్మ చేసే కార్జం వేపుడు గుర్తొచ్చి గొంతు పట్టేసింది.

తాజా కలం: ‘వ్యాసం శీర్షికలో అన్నిటికీ కలిపి ఒక్క మాట కావాలి కదన్నా’ అని చెల్లెలు మళ్ళీ అడిగింది. అక్కడ ‘తలకాయ నుంచి తోక దాకా’ అని పెట్టు తల్లీ. లండన్‌లో 1994లో సెయింట్ జాన్ హోటల్ తెరిచిన ఫెర్గస్ హెండర్సన్ ఈ తిండిని ‘ముక్కు నుంచి తోక దాకా’ అనే మాటతోనే మళ్ళీ పేరులోకి తెచ్చాడు. మనవాళ్ళకి తలకాయ కూర తెలుసు గనక నేను ముక్కుని మార్చాను. లోపల మాత్రం కార్జం వచ్చినచోట కార్జమనీ, గుండెకాయ వచ్చినచోట గుండెకాయ అనీ రాసెయ్.