టేలర్ స్విఫ్ట్ ఆల్బమ్ కవర్లు: మారింది మనిషా, ఫొటోనా?

క్యాసెట్_రోజులు:
అమెరికన్ గాయని టేలర్ స్విఫ్ట్ ఆల్బమ్ కవర్లు మారాయంటే మనిషే మారిందంటారు అందరూ. 2014లో వచ్చిన ఆమె '1989' ఆల్బమ్ కవర్ మళ్లీ ఒకసారి చూడండి. పోలరాయిడ్ ఫొటో (తీయగానే కెమెరాలోంచి అచ్చయి వచ్చేది), కింద మార్కర్‌తో రాసినట్టు పొడి అక్షరాలు, ముఖం కళ్ల కిందే కత్తిరించేశారు. అంతకుముందు 2008లో 'ఫియర్‌లెస్' మీద జుట్టు గాలికి ఎగరేసిన అమ్మాయి, 2010లో 'స్పీక్ నౌ' మీద ఊదా రంగు గౌను. కంట్రీ పాటలు (అమెరికా పల్లె బాణీలు) వదిలి పాప్ మార్కెట్‌కి వెళ్లడానికి వేసిన మేకప్ తప్ప ఇందులో మార్పు ఏముంది?

నీలిమ_డిజైన్:
మధ్యలో 2012లో 'రెడ్' వచ్చింది, దాన్ని ఎందుకు వదిలేశారు? టోపీ నీడలో కళ్లు దాదాపు కనపడవు, వెలుగంతా ఎర్ర లిప్‌స్టిక్ మీదే. పాప్ పాటల నిర్మాత మ్యాక్స్ మార్టిన్‌తో పాటలు చేయడం మొదలుపెట్టింది కూడా ఆ ఆల్బమ్‌లోనే. అంటే పాట ఎంత మారిందో కవర్ కూడా అంతే మారింది. 2017లో 'రెప్యుటేషన్' చూడండి, నలుపు తెలుపులో సగం ముఖం మీద పేపర్ అక్షరాలతో తన పేరే మళ్లీ మళ్లీ అచ్చయి ఉంటుంది. 2016లో ర్యాపర్ కాన్యే వెస్ట్‌తో గొడవప్పుడు జనం ఆమెను మోసగత్తె అంటూ ఆమె ఇన్‌స్టాగ్రామ్ పేజీ నిండా పాము బొమ్మలు పెట్టారు కదా, దానికి ఆ కవరే జవాబు.

డాలస్_బుజ్జి:
కళ్లు కత్తిరించలేదండీ, ఫ్రేమ్‌లోకి రాలేదు. పోలరాయిడ్ అంటే అంతే.

క్యాసెట్_రోజులు:
బుజ్జిగారూ, కోట్లు పెట్టి తీసే ఆల్బమ్‌లో ఫ్రేమ్ పొరపాటున తప్పుతుందా? సీడీలో 13 పోలరాయిడ్ ఫొటోలు పెట్టి మరీ అమ్మారు. కావాలనే కత్తిరించారు.

డాలస్_బుజ్జి:
కావాలనే అన్నా కత్తిరించినట్టు కాదు.

నీలిమ_డిజైన్:
మీరిద్దరూ ఆ కళ్ల దగ్గరే ఆగిపోయారు. ఫొటో తీసినవాళ్ల గురించి, అక్షరాలు పేర్చినవాళ్ల గురించి ఒక్క ముక్క లేదు. ఒక జానపద గాయని ఆల్బమ్‌కి నేను రాత్రుళ్లు కూర్చుని కవర్ చేశాను. విడుదలయ్యాక చూస్తే నా పేరు లేదు, అడిగితే ఐడియా అంతా మేడమ్‌దే అన్నారు. ఆ కోపం నాకింకా తగ్గలేదు.

క్యాసెట్_రోజులు:
పాపమే, కాదనను. కానీ మీ డబ్బుల గొడవకీ దీనికీ సంబంధం ఏంటి?

నీలిమ_డిజైన్:
డబ్బులని నేనన్నానా? పేరు అన్నాను. చదివి మాట్లాడండి.

రాజమండ్రి_రవి:
అన్నా, అక్కా, కాస్త మెల్లగా.

క్యాసెట్_రోజులు:
సరే, ఉన్నమాట చెప్తాను. ఎమ్మెస్‌కి అమెరికా వచ్చిన కొత్తలో నాకు ఎవరూ లేరు, పాత కారులో ఆ కంట్రీ పాటలే తోడు. తర్వాత '1989' గురించి 'ఇదే నా మొదటి పూర్తి పాప్ ఆల్బమ్' అని ఆమే ప్రకటించి ఆ కళ్లు లేని కవర్ వదిలింది. మమ్మల్ని చూడటం కూడా ఇష్టం లేదన్నట్టు అనిపించింది నాకు. 2020లో 'ఎవర్‌మోర్' మీదైతే ఏకంగా వీపే, జడ తప్ప ఏమీ లేదు.

నీలిమ_డిజైన్:
అంటే మీ గొడవ కవర్‌తో కాదు, మీరు ఆగిన చోట ఆమె ఆగలేదని. పంతొమ్మిదేళ్ల పిల్లలాగే ఎన్నాళ్లు ఉండాలి?

క్యాసెట్_రోజులు:
ఉండమనలేదు. మార్పు పేరుతో మా జేబులు ఖాళీ చేయొద్దంటున్నా. 'ఫోక్‌లోర్' ఒక్కదానికే ఎనిమిది కవర్లు. 2022లో 'మిడ్‌నైట్స్' నాలుగు రకాలు కొని వెనక అట్టలు కలిపితే గడియారం అవుతుందట. ఇదీ మనసులో వచ్చిన మార్పేనా?

నీలిమ_డిజైన్:
అది వ్యాపారమే, నేను సమర్థించను, చిన్నపిల్లల చేత అన్నీ కొనిపించడం నాకూ నచ్చదు. కానీ 2019లో పాత రికార్డింగుల హక్కులు వేరేవాళ్ల చేతికి పోయాక, కొత్త రికార్డింగుల హక్కు తనదే అయ్యేలా ఆమె ఆ పాటలు మళ్లీ పాడింది. 2023లో కొత్త '1989' కవర్ మీద ముఖం మొత్తం ఉంది, కళ్లు ఉన్నాయి, నవ్వు ఉంది. పాత కవర్‌లో చొక్కా మీద బొమ్మగా ఉన్న సముద్రపు పక్షులు ఇందులో వెనక ఆకాశంలో ఎగురుతున్నాయి. హక్కు తనదైన ఆల్బమ్ మీద ముఖం పూర్తిగా చూపించింది. దీన్ని మేకప్ అని ఎలా అంటారు?

క్యాసెట్_రోజులు:
ఆ కవర్ బాగుంది, ఒప్పుకుంటా. కానీ దాన్నీ నాలుగైదు రంగుల్లో అమ్మారు, మర్చిపోకండి.

డాలస్_బుజ్జి:
కొత్తదాంట్లో కళ్లు ఫ్రేమ్‌లోకి వచ్చాయి. నేను మొదటి నుంచీ చెప్తున్నది ఫ్రేమ్ గురించే.