ఫ్యాను నెమ్మదిగా తిరుగుతోంది, ముందు ఏది చూడాలి?

తూర్పువీధి:
సీలింగ్ ఫ్యాను ఐదులో పెట్టినా రెండులో ఉన్నట్టు తిరుగుతోంది. ఒక్కోసారి స్విచ్ వేసినా కదలదు, కర్రతో తోస్తే అందుకుంటుంది. రెగ్యులేటరు దగ్గర జుయ్యిమని మోత. మెకానిక్ కింద నిలబడి చూసి "కాయిల్ (మోటారు లోపలి రాగితీగ చుట్ట) పోయింది, విప్పి ఇవ్వండి" అన్నాడు. అంత తొందరగా ఎలా తెలుస్తుంది? ఇలాంటివి చెడినప్పుడు ఏ వరుసలో చూసుకుంటూ పోవాలి?

మేడమీద:
తోస్తే తిరుగుతోందంటే చాలావరకు కండెన్సరే, అంటే మోటారు కదలడానికి ఊతమిచ్చే చిన్న డబ్బీ. మెయిన్ ఆపి, ఫ్యాను పై కప్పు జరిపి చూడండి. దానిమీద సామర్థ్యం సాధారణంగా 2.5 మైక్రోఫారడ్ అని రాసి ఉంటుంది. వంద రూపాయలు కూడా కాదు. ఆ మెకానిక్‌ను మళ్లీ గడప తొక్కనివ్వకండి.

గాలిమర:
2.5 ఎందుకండీ, 3.15 వేయండి. మా హాల్లో వేశాను, క్యాలెండరు గోడమీద నిలవడం లేదు.

చెరువుగట్టు:
కాయిల్, కండెన్సర్ అంటూ పోతున్నారు, వోల్టేజి ఎవరూ చూడరా? మా ఊళ్లో సాయంత్రం 180 దాటదు. అర్జీలు పెట్టీ పెట్టీ విసుగొచ్చింది.

మేడమీద:
వోల్టేజి తగ్గితే ఇంట్లో ఫ్యాన్లన్నీ నెమ్మదిస్తాయి గదా. ఆయన ఒక్క ఫ్యాను గురించే అడుగుతున్నారు.

రాగితీగ:
గాలిమర గారూ, అందరికీ ఆ సలహా ఇవ్వకండి. రివైండింగ్ షాపు నాది. నేను చుట్టిన మోటార్లు పేరిస్తే మా వీధి చాలదు. కంపెనీ వేసిన విలువ పెంచితే స్టార్టింగ్ చుట్టలో కరెంటు పెరుగుతుంది, మోటారు వేడెక్కుతుంది. వేసవిలో చుట్టల మీది వార్నిషు నల్లబడి నా దగ్గరకే వస్తాయి.

గాలిమర:
మీ వ్యాపారం పెరుగుతుంది కదా, బాధ దేనికి? కంపెనీలే కొన్ని మోడళ్లకు 3.15 వేస్తున్నాయి.

రాగితీగ:
వేస్తాయి, దానికి తగ్గట్టు కాయిల్ చుట్టి మరీ వేస్తాయి! మీ ఫ్యాను గంటసేపు తిరిగాక ఆపి, మోటారు మీద చేయి పెట్టి చూసి అప్పుడు మాట్లాడండి.

గాలిమర:
ఏళ్లుగా తిరుగుతోంది. చేయి పెట్టాల్సిన అవసరం రాలేదు.

పొదుపరి:
ఎందుకీ గొడవ? 75 వాట్ల పాత ఫ్యాను తీసేసి, అయస్కాంతాలతో, ఎలక్ట్రానిక్ బోర్డుతో నడిచే బీఎల్‌డీసీ ఫ్యాను కొనండి. 30 వాట్లలో అదే గాలి. దానికి ఈ కండెన్సర్ బాధే లేదు.

చెరువుగట్టు:
ఏ చర్చకు వెళ్లినా మీది ఇదే పాట. లోపల బోర్డు కాలితే మా మండలంలో బాగుచేసేవాడు లేడు. పాత ఫ్యానుకైతే సైకిలు షాపువాడైనా బేరింగ్ వేస్తాడు.

రాగితీగ:
తూర్పువీధి గారికి అసలు సంగతి చెబుతాను. కరెంటు ఆపి రెక్కను వేలితో తిప్పండి. తేలిగ్గా తిరిగి మెల్లగా ఆగితే బేరింగు బాగున్నట్టే. కండెన్సర్ కాళ్లు కలిపి చార్జి పోగొట్టాక దాన్ని విప్పండి. మోటారు నుంచి మూడు తీగలు వస్తాయి. రెండేసి చొప్పున మల్టీమీటరుతో ఓములు, అంటే తీగ నిరోధం, కొలవండి. పెద్ద అంకె మిగతా రెండింటి మొత్తానికి సరిపోతే చుట్ట తెగలేదు. అయినా కాలిన వాసన వస్తుంటే మాత్రం నమ్మకండి, లోపల చుట్లు ఒకదానికొకటి అంటుకుని ఉండొచ్చు. కింద నిలబడి ఇదంతా చెప్పగలిగినవాడికి నా షాపు రాసిచ్చేస్తాను.

పచ్చడిజాడీ:
మధ్యలో వచ్చినందుకు ఏమీ అనుకోవద్దు. మిక్సీ పప్పు రుబ్బుతూ ఆగిపోయింది. వాసన లేదు, చప్పుడూ లేదు.

మేడమీద:
ప్లగ్ తీసి, చల్లారాక అడుగున ఎర్ర బటన్ నొక్కండి. జారులో పప్పు సగానికి తగ్గించండి.

పచ్చడిజాడీ:
తిరిగింది! మా ఆయన కొత్త మిక్సీకి బేరం కూడా ఆడేశారు.

తూర్పువీధి:
కండెన్సరు మార్చాను, కర్రతో పని లేకుండా తిరుగుతోంది. అందరికీ కృతజ్ఞతలు. మోత మాత్రం అలాగే ఉంది. రెగ్యులేటరు గురించి ఎవరూ చెప్పలేదు.

గాలిమర:
ముందు ఇది చెప్పండి, 2.5 వేశారా, 3.15 వేశారా?