జనవరి 31న రిటైర్‌మెంట్: కంపెనీ ఇన్సూరెన్స్ పోయాక మీరేం చేశారు?

గోదారిగట్టు:
అందరికీ నమస్కారం. పటాన్‌చెరు దగ్గర ఒక మందుల కంపెనీలో 27 ఏళ్లుగా పనిచేస్తున్నాను. జనవరి నెలాఖరుకు రిటైరవుతున్నా. ఇన్నాళ్లూ మా ఇద్దరికీ కంపెనీ గ్రూప్ పాలసీ ఉంది, 4 లక్షలకు. నాకు షుగర్, బీపీ. మా ఆవిడకు రెండేళ్ల కిందట స్టెంట్ వేశారు. ఫిబ్రవరి 1 నుంచి ఆ కార్డు పనిచేయదని హెచ్‌ఆర్ వాళ్లు నిన్ననే చెప్పారు. అప్పట్నుంచి ఒకటే టెన్షన్. బయట పాలసీ తీసుకుంటే పాత జబ్బులకు మూడేళ్లు ఆగాలంటున్నారు. ఈ మూడేళ్లలో ఏదైనా అయితే? ఇది దాటి వచ్చినవాళ్లు చెప్పండి.

కొత్తపేట_లక్ష్మి:
అన్నయ్యగారూ, మావారు మూడేళ్ల కిందట రిటైరయ్యారు. సన్మానం, శాలువాలు, పీఎఫ్ కాగితాల హడావుడిలో ఇన్సూరెన్స్ సంగతి తర్వాత చూద్దాంలే అనుకున్నాం. నెల పోయాక ఫోన్ చేస్తే పేరు తీసేశామని, ఇప్పుడేమీ కుదరదని అన్నారు. మీరు మాత్రం ఆలస్యం చేయకండి.

ఇంకో మాట. కొత్త పాలసీకి ఏజెంట్ ఇంటికొచ్చి ఫారం తనే నింపాడు. షుగర్ ఉందా అన్నచోట 'లేదు' అని టిక్ పెట్టాడు. "రాస్తే ప్రీమియం పెరుగుద్ది సార్" అన్నాడు. ఎదురుగా టీపాయ్ మీద సగం వాడిన మెట్‌ఫార్మిన్ (షుగర్ మాత్రల) షీటు ఉంది. మావారు పెన్ను తీసుకుని అది కొట్టేసి, 'ఉంది, 2014 నుంచి' అని తన చేత్తో రాశారు. ప్రీమియం పెరిగిన మాట నిజమే. పోయిన వేసవిలో కిడ్నీలో రాయికి ఆపరేషన్ అయినప్పుడు కేస్ షీట్‌లో డాక్టరు మొదటి లైనులోనే షుగర్ ఎన్నేళ్లుగా ఉందో రాశారు. ఫారంలో లేదని ఉంటే ఆ లైను పట్టుకునే క్లెయిమ్ ఆపేవాళ్లు. మాకు మాత్రం క్యాష్‌లెస్ వచ్చింది.

హెచ్‌ఆర్_పాతకాపు:
లక్ష్మిగారు చెప్పింది అక్షరాలా నిజం. గోదారిగట్టు గారూ, మీకింకా దారి ఉంది. గ్రూప్ పాలసీ ఇచ్చిన ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గరే సొంత పాలసీకి మారడానికి అప్లై చేయండి. దీన్ని మైగ్రేషన్ అంటారు. గ్రూపులో తెగకుండా గడిచిన ఏళ్లు వెయిటింగ్ పీరియడ్‌లో, అంటే పాత జబ్బులకు క్లెయిమ్ రాకుండా ఆగాల్సిన కాలంలో, లెక్కకొస్తాయి. ఇన్సూరెన్స్ కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ 2024లో ముందే ఉన్న జబ్బుల వెయిటింగ్‌ను 48 నెలల నుంచి 36కు తగ్గించింది, అంతకంటే ఎక్కువ పెట్టడానికి వీల్లేదు. మీ సర్వీసంతా గ్రూపులోనే గడిచింది కాబట్టి ఆ మూడేళ్ల భయం చాలావరకు తీరుతుంది.

ఒక మెలిక ఉంది. ఆ లెక్క మీ పాత 4 లక్షల వరకే. ఇప్పుడు 10 లక్షలకు తీసుకుంటే మిగతా 6 లక్షలకు వెయిటింగ్ మళ్లీ మొదటినుంచే. పైగా ఇన్సూరెన్స్ వాళ్లు టెస్టులు చేయించి, తీసుకోవాలో వద్దో వాళ్లే తేల్చుకుంటారు. అందుకే నెలన్నర ముందే కదలండి, కాదన్నా ఇంకోచోట అడగడానికి టైముంటుంది.

పాత పాలసీ కాపీలు, మీ ఇద్దరి పేర్లు ఏ ఏడు నుంచి ఉన్నాయో చూపే లెటరు హెచ్‌ఆర్ దగ్గర అడిగి సొంత మెయిల్‌కు పంపించుకోండి. రిలీవైన రోజే ఆఫీసు మెయిల్ ఆగిపోతుంది. లోపలున్న కాగితాల కోసం తర్వాత బతిమాలుకున్నవాళ్లను చాలామందిని చూశాను, నాకే బాధేసేది.

సొంత పాలసీ ప్రీమియం మీద 18 శాతం జీఎస్‌టీ 2025 సెప్టెంబరు 22 నుంచి లేదు. 60 దాటినవాళ్లకు ఏడాదిలో 10 శాతం మించి పెంచాలంటే కంపెనీ ముందు ఐఆర్‌డీఏఐతో మాట్లాడాలి.

మిల్లు_మనిషి:
నేను ఈఎస్‌ఐలో (కార్మికులకు సర్కారు నడిపే వైద్య బీమా) ఉండి రిటైరయ్యాను. అయిదేళ్లకు పైన ఇన్సూర్డ్‌గా ఉండి రిటైర్‌మెంట్ వయసుకు దిగినవాళ్లు ఏడాదికి 120 రూపాయలు కడితే భార్యాభర్తలిద్దరికీ వైద్యం చేస్తారు. మా తోటివాళ్లలో సగం మందికి ఈ సంగతే తెలీదు. తెలిసినవాళ్లకు చెప్పండి.

ఇర్వింగ్_అబ్బాయి:
మా నాన్నగారికి 73, విజయవాడలో ఉంటారు. 70 దాటినవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఏడాదికి 5 లక్షల వరకు ఉచిత వైద్యమిచ్చే కేంద్ర ప్రభుత్వ ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరులో మొదలైంది. ప్రైవేటు పాలసీ ఉన్నా తీసుకోవచ్చు. మనం వెళ్లే ఆసుపత్రి లిస్టులో ఉందో లేదో ముందు కనుక్కోవాలి. అరవైలో ఉన్నవాళ్లకు మాత్రం సొంత పాలసీయే దిక్కు.

సికింద్రాబాద్_సర్కారు:
కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకైతే సీజీహెచ్ఎస్ అని సర్కారు వైద్య పథకం ఉంది. రిటైరైనప్పుడు పదేళ్ల చందా ఒకేసారి కడితే జీవితాంతం కార్డు. నేను అలాగే కట్టేశాను.

గోదారిగట్టు:
అందరికీ చేతులెత్తి దండం. పొద్దున్నే హెచ్‌ఆర్‌కు వెళ్లి కూర్చున్నాను. 2009 నుంచి మా ఆవిడ పేరు కూడా ఉందని తేలింది, లెటరు శుక్రవారం ఇస్తామన్నారు. ముందు 4 లక్షలకు మైగ్రేషన్ అడుగుతాను, పైన సూపర్ టాప్-అప్ (ఏడాది ఆసుపత్రి బిల్లులు ఒక మొత్తం దాటాక మిగతాది ఇచ్చే పాలసీ) తీసుకుందామనుకుంటున్నా. దానికి షుగర్ ఉన్నవాళ్లను ఎవరు తీసుకుంటున్నారో తెలిస్తే రాయండి. స్టెంట్ అప్పటి డిశ్చార్జి సమ్మరీ కోసం మా ఆవిడ బీరువా అంతా తీసి మంచం మీద పరిచింది.